బోల్టన్ గడప వదలని సింహం

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో బోల్టన్ ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. వారమంతా మిల్లు, గని. శనివారం మధ్యాహ్నమైతే ఫుట్‌బాల్. 1925 ఆగస్టు 27న ఆ ఊళ్లో పుట్టిన నాట్ లాఫ్ట్‌హౌస్, ఊరి క్లబ్బు బోల్టన్ వాండరర్స్‌కే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. ఆట మానేశాక అక్కడే శిక్షకుడయ్యాడు, మేనేజరయ్యాడు. ఆ పదవి చేజారినా అక్కడే ఉండిపోయాడు. చివరికి క్లబ్బు ప్రెసిడెంటుగా 2011 జనవరి 15న కన్నుమూశాడు. పద్నాలుగో ఏట పట్టుకున్న గడపను ఎనభై అయిదో ఏటి దాకా వదల్లేదు. ఆయనకన్నా ఎక్కువ కప్పులు గెలిచిన ఆటగాళ్లు కొల్లలుగా ఉన్నారు. నాకు మాత్రం ఆయన గోల్స్ వేసిన కాలంకంటే ఆ తర్వాత గడిపిన యాభై ఏళ్లే గొప్పగా కనిపిస్తాయి. ఆ రెండు జీవితాల్లోంచీ ఏరిన విశేషాలివి.

యుద్ధం మొదలైన మర్నాడు

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మర్నాడే లాఫ్ట్‌హౌస్ బోల్టన్ క్లబ్బులో చేరాడు. సరిగ్గా ఆ సమయానికే క్లబ్బు ఖాళీ అవుతోంది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కెప్టెన్ హారీ గాస్లిన్ మ్యాచ్‌కు ముందు ప్రేక్షకుల ఎదుట నిలబడి, దేశానికి అవసరం వచ్చిందని, అందరూ కదలాలని పిలుపునిచ్చాడు. జట్టులో చాలామంది ఆయన వెంట ఒకే ఫిరంగి దళంలో చేరారు. గాస్లిన్ తిరిగి రాలేదు. 1943 డిసెంబరులో ఇటలీలో చనిపోయాడు.

పెద్దవాళ్లు వెళ్లిపోతే ఆడేదెవరు? కుర్రాళ్లే. 1941 మార్చి 22న బరీ జట్టుతో జరిగిన యుద్ధకాలపు మ్యాచ్‌లో పదిహేనేళ్ల లాఫ్ట్‌హౌస్‌ను దింపారు. బోల్టన్ 5-1తో గెలిచింది. అందులో రెండు గోల్స్ ఈ పిల్లవాడివే.

తెల్లవారుజాము మూడున్నర

యుద్ధకాలంలో బ్రిటన్‌కు సైనికులు ఎంత అవసరమో బొగ్గు కూడా అంతే అవసరమైంది. గని కార్మికులు సైన్యంలోకి వెళ్లిపోవడంతో బొగ్గు తీసేవాళ్లు కరువయ్యారు. అప్పటి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఒక పద్ధతి పెట్టాడు. సైన్యంలో చేరే వయసొచ్చిన కుర్రాళ్లలో కొందరిని తుపాకీ బదులు పార పట్టించి గనుల్లోకి పంపడం. వాళ్లను ‘బెవిన్ బాయ్స్’ అన్నారు. 1943లో లాఫ్ట్‌హౌస్‌కు ఆ పిలుపే వచ్చింది. మోస్లీ కామన్ అనే బొగ్గు గనిలో పని.

మ్యాచ్ ఉన్న శనివారం ఆయన దినచర్య చూడండి. తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. నాలుగున్నర ట్రామ్ ఎక్కాలి. గనిలోకి దిగి ఎనిమిది గంటల పాటు టబ్బులు తొయ్యాలి. షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి జట్టు బస్సు గని దగ్గరే కాచుకుని ఉండేది. అందులో ఎక్కి నేరుగా మైదానానికి.

టబ్బు తొయ్యడమంటే ఏమిటో కొత్తగూడెం, గోదావరిఖని పాత తరం పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు ఒక మాట. నేల కింద చీకట్లో, సన్నటి పట్టాల మీద, బొగ్గు నిండిన ఇనప తొట్టెను భుజం ఆనించి నెట్టుకుంటూ పోవాలి. ఎగువ వస్తే తొట్టె వెనక్కి జారుతుంది, దిగువ వస్తే చేయి దాటి పోతుంది. తర్వాతి రోజుల్లో ఇంగ్లండ్ డిఫెండర్లు ఇద్దరేసి చొప్పున మీద పడ్డా ఆయన కాళ్లు తేలకపోవడానికి మూలం అక్కడుంది. వ్యాయామశాలలో పెంచిన బలం వేరు, బతుకు బరువు మోసి తెచ్చుకున్న బలం వేరు. ఫార్వర్డ్ అనిపించుకుంటున్నావు, మొన్న ఆ గోల్ ఎలా పోగొట్టావని తోటి కార్మికులు గనిలో మొహమ్మీదే అడిగేవారట. పేరు తలకెక్కకుండా కాపాడింది వాళ్లేనని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు.

రంపపు పొట్టు గీత

1946 మార్చి 9. యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. బోల్టన్ సొంత మైదానం బర్న్‌డెన్ పార్క్‌లో స్టోక్ సిటీతో ఎఫ్.ఎ. కప్పు మ్యాచ్. ఎదుటి జట్టులో పేరుమోసిన వింగర్ స్టాన్లీ మాథ్యూస్ ఉన్నాడు. ఏళ్ల తరబడి పండగ లేని జనం విరగబడి వచ్చారు. 85 వేలమంది దాకా చేరారని అంచనా. రైలు కట్ట వైపున్న గేట్లను మధ్యాహ్నం 2.40కి మూసేశారు. లోపల ఒత్తిడి తట్టుకోలేక ఒక తండ్రి కొడుకును తీసుకుని బయటపడదామని తాళం వేసిన గేటు తెరిచాడు. ఆయన బయటికొచ్చిన దారినే బయటివాళ్లు లోపలికి తోసుకొచ్చారు. కమ్మీలు విరిగాయి. ముందు వరసలవాళ్లు నలిగిపోయారు. ముప్ఫై ముగ్గురు చనిపోయారు.

ఆట మొదలైన కాసేపటికే రిఫరీ ఆపేశాడు. ఇరవయ్యేళ్ల లాఫ్ట్‌హౌస్ బోల్టన్ ఫార్వర్డ్‌గా మైదానంలో ఉన్నాడు. శవాలను గడ్డి మీద వరసగా పడుకోబెట్టి కోట్లు కప్పారు. ఆ తర్వాత ఏం చేశారో చదివినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగిపోతుంది. పాత టచ్‌లైన్ దాకా శవాలున్నాయి కాబట్టి, వాటికి ఇవతల రంపపు పొట్టుతో కొత్త గీత గీశారు. ఆ గీత లోపల మళ్లీ ఆడించారు. మ్యాచ్ ఒక్క గోల్ లేకుండా ముగిసింది. జనాన్ని ఒక్కసారిగా బయటికి వదిలితే తొక్కిసలాట ఇంకా పెరుగుతుందన్నది అధికారుల భయం. ఆ భయంలో నిజం ఉండొచ్చు. అయినా ఆ గీతకు ఇవతల బంతి వెంట పరుగెత్తిన ఇరవై ఇద్దరినీ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మూడే పనులు

కుర్రతనంలో ఆయనకు బోల్టన్‌లో ఒక శిక్షకుడు చెప్పిన మాట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నీకు మూడే వచ్చు: పరుగెత్తడం, షాట్ కొట్టడం, తలతో కొట్టడం. ఆ మూడే చెయ్యి. వినడానికి తీసిపారేసినట్టుంటుంది గానీ, శిక్షణలో ఇంతకంటే మంచి మాట ఉంటుందా? రానివాటిని నేర్పడానికి అయిదేళ్లు తగలేసే బదులు, వచ్చినవాటికి సాన పట్టమన్నాడు. యుద్ధం తర్వాత లీగ్ మళ్లీ మొదలైన తొలి రోజు, 1946 ఆగస్టు 31న, చెల్సీ మీద లాఫ్ట్‌హౌస్ రెండు గోల్స్ వేశాడు. 1950 నవంబరులో ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్. ప్రత్యర్థి యుగోస్లావియా. స్కోరు 2-2. ఇంగ్లండ్ రెండు గోల్స్ కూడా ఆయనవే.

వియన్నాలో ఎనిమిది నిమిషాలు

ఆయనకు సింహమన్న బిరుదు రావడానికి కారణమైన మ్యాచ్ ఇది. 1952 మే 25, వియన్నాలోని ప్రాటర్ స్టేడియం. ఆస్ట్రియా అప్పుడు యూరప్‌లో మేటి జట్లలో ఒకటి. దేశం మాత్రం ఇంకా అమెరికా, సోవియట్, బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాల అధీనంలోనే ఉంది. అక్కడ కొలువున్న బ్రిటిష్ సైనికులు తమ జట్టును చూడ్డానికి తండోపతండాలుగా వచ్చారు. ఊరు ఆస్ట్రియాది, ఇంటి మీద బెంగంతా ఆ కుర్రాళ్లది.

మొదటి గోల్ లాఫ్ట్‌హౌస్ వేశాడు. ఆస్ట్రియా పెనాల్టీతో సమం చేసింది. మరు నిమిషంలోనే జాకీ సూవెల్ ఇంగ్లండ్‌ను ముందుకు తెచ్చాడు. విరామం లోపే ఆస్ట్రియా మళ్లీ అందుకుంది. 2-2. రెండో సగమంతా ఆస్ట్రియా ఒత్తిడి.

ఇక ఎనిమిది నిమిషాలే ఉంది. ఆస్ట్రియాకు కార్నర్ దొరికింది. వాళ్ల ఆటగాళ్లంతా ఇంగ్లండ్ గోల్ ముందు మూగారు. గోల్‌కీపర్ గిల్ మెరిక్ గాల్లోకి లేచి బంతిని అందుకున్నాడు, కాలితో తన్నకుండా చేత్తోనే టామ్ ఫిన్నీకి విసిరాడు. ఫిన్నీ బంతిని ముందుకు జార్చాడు. లాఫ్ట్‌హౌస్‌కు అందేసరికి ఎదురుగా సగం మైదానం ఖాళీ. దాని చివర గోల్‌కీపర్ ముసిల్ ఒక్కడే.

పరుగు మొదలైంది. ఒక మోచెయ్యి మొహానికి తగిలింది. వెనక నుంచి ఒక కాలు మడమను తన్నింది. ఆగలేదు. ముసిల్ గోల్ వదిలి ఎదురొచ్చాడు. తప్పుకుంటే దెబ్బ తగలదు, గోల్ కూడా పడదు. లాఫ్ట్‌హౌస్ బంతిని కొట్టిన క్షణంలోనే ఇద్దరూ ఢీకొన్నారు. బంతి గీత దాటే సమయానికి ఆయనకు స్పృహ లేదు. తన జీవితంలోకెల్లా గొప్ప గోల్‌ను ఆయన చూడలేదు!

బయటికి మోసుకెళ్లి తేర్చాక, కుంటుతూ మళ్లీ మైదానంలోకి వచ్చాడు. వచ్చి ఊరికే నిలబడలేదు, ఇంకో బంతిని గోల్‌పోస్టుకు కొట్టాడు. ఇంగ్లండ్ 3-2తో గెలిచింది. సైనికులు మైదానంలోకి దూకి ఆటగాళ్లను భుజాల మీదికెత్తుకున్నారు. మర్నాటి పత్రికలు ‘వియన్నా సింహం’ అన్నాయి. ఇంటి పేరు కన్నా ఆ పేరే ఆయనకు ఎక్కువ కాలం నిలిచింది.

అదే వేసవి, మన హైదరాబాదు

వియన్నా మ్యాచ్ జరిగిన రెండు నెలలకు, 1952 జులైలో, హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. లాఫ్ట్‌హౌస్‌కు ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్‌లో ఎదురైన దేశమే అది. మన జట్టు కోచ్ హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడుతున్న రోజులవి. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే రహీం పదేళ్లకు, 1962లో, జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకం తెచ్చిపెట్టాడు.

ఒక్క మ్యాచ్, ఆరు గోల్స్

వియన్నా మ్యాచ్ జరిగిన నాలుగు నెలలకు, 1952 సెప్టెంబరు 24న, ఇంగ్లిష్ లీగ్ జట్టు ఐరిష్ లీగ్ జట్టుతో తలపడింది. ఇంగ్లిష్ జట్టు వేసినవి ఏడు గోల్స్. ఆరు లాఫ్ట్‌హౌస్‌వి.

గోల్స్ వేసినవాడి పేరు కాదు

1953 మే 2న వెంబ్లీలో జరిగిన ఎఫ్.ఎ. కప్పు ఫైనల్‌ను ప్రపంచం ‘మాథ్యూస్ ఫైనల్’ అంటుంది. మూడు గోల్స్ వేసినవాడు బ్లాక్‌పూల్ ఆటగాడు స్టాన్ మార్టెన్‌సన్. పేరు మాత్రం అదే జట్టులో బంతులు అందించిన ముప్ఫై ఎనిమిదేళ్ల మాథ్యూస్‌కు దక్కింది. ఓడిన బోల్టన్ వైపు నుంచి చూస్తే ఆ మ్యాచ్ మరో కథ చెబుతుంది.

ఆట మొదలై రెండు నిమిషాలు కాకముందే లాఫ్ట్‌హౌస్ గోల్ వేశాడు. దాంతో ఆ ఏడాది కప్పులో ప్రతి రౌండులోనూ గోల్ వేసినవాడయ్యాడు. కొద్దిసేపటికే బోల్టన్ ఆటగాడు ఎరిక్ బెల్ తొడ కండరం పట్టేసింది. ఇప్పుడైతే వెంటనే ఇంకొకరు దిగుతారు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్ అన్న మాటే లేదు. ఇంగ్లిష్ లీగ్‌లో అది 1965లో గానీ రాలేదు. దెబ్బ తగిలినవాడు ఉంటే ఉండాలి, పోతే పది మందే ఆడాలి. బెల్ కుంటుతూ ఒక పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆ కాలితోనే గాల్లోకి లేచి తలతో గోల్ వేశాడు. బోల్టన్ 3-1. అక్కడి నుంచి బ్లాక్‌పూల్ మూడు గోల్స్ వేసి, చివరి క్షణాల్లో 4-3తో కప్పు ఎగరేసుకుపోయింది. కుంటికాలితో ఫైనల్లో గోల్ వేసిన బెల్ పేరు ఎవరికీ గుర్తులేకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఆ ఏడాది ఫుట్‌బాల్ రచయితలు ఉత్తమ ఆటగాడిగా ఎంచుకున్నది మాథ్యూస్‌నీ కాదు, మార్టెన్‌సన్‌నీ కాదు. లాఫ్ట్‌హౌస్‌ను.

పక్క ఊరి ముప్ఫై

వియన్నాలో బంతి అందించిన టామ్ ఫిన్నీ కూడా ఒక్క క్లబ్బు మనిషే. ఆయనది ప్రెస్టన్. బోల్టన్‌కు ముప్ఫై రెండు కిలోమీటర్ల దూరం. 1958 అక్టోబరులో ఈ ఇద్దరూ ఇంగ్లండ్ తరఫున ముప్ఫైయేసి గోల్స్‌తో సమంగా నిలిచి రికార్డు పంచుకున్నారు. ఫిన్నీ వింగర్, ఆడినవి 76 మ్యాచ్‌లు. లాఫ్ట్‌హౌస్ ఆడిన 33 మ్యాచ్‌ల్లోనే ముప్ఫై గోల్స్ వేశాడు. మ్యాచ్‌కు దాదాపు ఒకటి చొప్పున లెక్క వేసుకోవచ్చు. ఇంతా చేసి 1958 ప్రపంచ కప్పు జట్టులో ఆయన్ని తీసుకోలేదు. నాలుగేళ్ల ముందు 1954 ప్రపంచ కప్పులో రెండు మ్యాచ్‌ల్లో మూడు గోల్స్ వేసినవాడు, ఆ ఏడాది మే నెలలోనే కప్పు ఫైనల్లో జట్టును గెలిపించినవాడు! అక్టోబరులో మళ్లీ పిలిచారు. సోవియట్ యూనియన్ మీద 5-0 గెలుపులో ముప్ఫయ్యోది వేశాడు.

నూట పది పౌండ్ల జట్టు

ఆ మే నెల ఫైనల్ సంగతికి వస్తాను. 1958 మే 3న వెంబ్లీలో దిగిన బోల్టన్ పదకొండు మందిలో ఏ ఒక్కరినీ వేరే క్లబ్బు నుంచి డబ్బు పెట్టి కొనలేదు. చేరేటప్పుడు ఒక్కొక్కరికి ఇచ్చిన పది పౌండ్లే ఖర్చు. జట్టు మొత్తం ఖరీదు 110 పౌండ్లు.

ఎదుటి జట్టు మాంచెస్టర్ యునైటెడ్. మూడు నెలల క్రితం, ఫిబ్రవరి 6న, మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఇరవై ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది యునైటెడ్ ఆటగాళ్లు. మిగిలినవాళ్లతో, కొత్తగా తెచ్చుకున్నవాళ్లతో ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చింది. మేనేజర్ మాట్ బస్బీ చావు అంచుల దాకా వెళ్లి బతికి, చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు. దేశమంతా యునైటెడ్ గెలవాలనే కోరుకుంది. బోల్టన్ గెలవాలనుకున్నది బోల్టన్ ఒక్కటే.

మూడో నిమిషంలో లాఫ్ట్‌హౌస్ మొదటి గోల్ వేశాడు. రెండోది విరామం తర్వాత. ఆ పాత ఫిల్మును నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఒక షాట్‌ను గోల్‌కీపర్ హారీ గ్రెగ్ పైకి తోశాడు, వెనక్కి తిరిగి కిందికొస్తున్న బంతిని పట్టబోయాడు. వీపు మైదానం వైపుంది. లాఫ్ట్‌హౌస్ పరుగున వచ్చి భుజంతో ఢీకొట్టాడు. గ్రెగ్, బంతి రెండూ వలలో పడ్డాయి. గ్రెగ్ లేవలేదు. రిఫరీ గోల్ ఇచ్చాడు. గోల్‌కీపర్‌ను భుజంతో ఢీకొట్టడం అప్పట్లో అన్ని వేళలా తప్పు కాదు. కానీ ఇది తప్పేనని, ఫౌల్ ఇవ్వాల్సిందని తర్వాత లాఫ్ట్‌హౌసే ఒప్పుకున్నాడు. మ్యూనిక్‌లో కాలుతున్న విమానంలోకి తిరిగి వెళ్లి తోటివాళ్లను బయటికి లాగిన మనిషి ఈ గ్రెగ్. అందుకే ఆ గోల్ ఇప్పటికీ మంట పుట్టిస్తుంది.

బోల్టన్ 2-0తో గెలిచింది. లాఫ్ట్‌హౌస్ ఆటగాడిగా గెలిచిన పెద్ద కప్పు ఇదొక్కటే. లీగ్ టైటిల్ బోల్టన్‌కు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఓడిన జట్టులో బాబీ చార్ల్‌టన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. లాఫ్ట్‌హౌస్, ఫిన్నీ పంచుకున్న ముప్ఫై గోల్స్ రికార్డును 1963లో దాటినవాడు అతనే.

నెల తేడాలో

అప్పట్లో ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికీ వారానికి ఇరవై పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదు. నిబంధన అది. బర్న్‌డెన్ పార్క్‌కు యాభై వేలమందిని రప్పించేవాడికైనా అంతే. పైగా ఒప్పందం ముగిసినా క్లబ్బు వదలకపోతే ఇంకో చోటికి పోవడానికి లేదు. కాబట్టి ఆ తరంలో ‘ఒక్క క్లబ్బు’ అన్నది కొందరికి ప్రేమ, కొందరికి సంకెల. లాఫ్ట్‌హౌస్‌కు ఏది అన్న ప్రశ్నకు ఆటగాడి రోజుల్లో సమాధానం దొరకదు. ఆ తర్వాతి జీవితంలో దొరుకుతుంది.

మోకాలి దెబ్బతో ఆయన చివరి లీగ్ మ్యాచ్ 1960 డిసెంబరులో ముగిసింది. ఇరవై పౌండ్ల నిబంధన రద్దయింది 1961 జనవరిలో. ఆయనతో కలిసి ఇంగ్లండ్‌కు ఆడిన జానీ హేన్స్‌కు ఆ వెంటనే వారానికి వంద పౌండ్లు పలికాయి. లాఫ్ట్‌హౌస్ బోల్టన్‌కు ఆడిన మొత్తం మ్యాచ్‌లు 503, వేసిన గోల్స్ 285. లీగ్‌లోనే 255. ఆ క్లబ్బులో ఆ గోల్స్ లెక్కను ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

పటంలో మైదానం

పొగ నిండిన మిల్లుల ఊళ్లను గీసిన చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీ 1953లో వేసిన ‘గోయింగ్ టు ద మ్యాచ్’ చిత్రంలో, చలికి ముందుకు వంగి జనం గుంపులుగా నడిచేది బర్న్‌డెన్ పార్క్ వైపే. ఆ జనం ఎవరి ఆట చూడ్డానికి వెళ్తున్నారో వేరే చెప్పాలా? 1999లో ఆటగాళ్ల సంఘం ఆ చిత్రాన్ని 19 లక్షల పౌండ్లకు కొంది. సంఘానికి అప్పటి పెద్ద గోర్డన్ టేలర్. ఆయన 1960ల్లో బోల్టన్ వింగర్, లాఫ్ట్‌హౌస్ శిక్షణలో, ఆ తర్వాత ఆయన మేనేజర్‌గిరీలో ఆడినవాడు. 2022లో అదే చిత్రం 78 లక్షల పౌండ్లకు సాల్‌ఫోర్డ్‌లోని లౌరీ కళాకేంద్రానికి చేరింది. ఆ చిత్రంలోనిది 110 పౌండ్ల జట్టు ఆడిన మైదానం.

బకెట్టు, స్పాంజి

1961 జులైలో లాఫ్ట్‌హౌస్ బోల్టన్‌లో అసిస్టెంట్ ట్రైనర్‌గా చేరాడు. ట్రైనర్ అంటే ఇప్పటి సూటు బూటు కోచ్ అనుకోకండి. ఆటగాళ్లను పొద్దున్నే పరుగెత్తించాలి, నొప్పులకు మర్దన చెయ్యాలి, మ్యాచ్‌లో ఎవరైనా పడిపోతే నీళ్ల బకెట్టు, స్పాంజి పట్టుకుని మైదానంలోకి ఉరకాలి. ఏళ్ల తరబడి తను పడితే ఇంకొకరు ఉరికొచ్చిన ఆ గడ్డి మీదికి, ఇప్పుడు పడినవాళ్ల కోసం తను పరుగెత్తాలి. దేశానికి ముప్ఫై గోల్స్ వేసినవాడు ఆ పనికి ఒప్పుకోవడాన్ని నేను చిన్న సంగతిగా చూడను. అసలు లాఫ్ట్‌హౌస్ నాకు అక్కడే మొదలవుతాడు.

1964లో బోల్టన్ మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు పడిపోయింది. జీతాల నిబంధన పోయాక మంచి ఆటగాళ్లు డబ్బున్న పెద్ద నగరాల క్లబ్బుల వైపు మళ్లారు. మిల్లుల ఊళ్ల క్లబ్బులు ఒక్కొక్కటే బక్కచిక్కాయి. 1967లో లాఫ్ట్‌హౌస్ చీఫ్ కోచ్. 1968లో, పదిహేడేళ్లకు పైగా మేనేజర్‌గా ఉన్న బిల్ రిడింగ్ వెళ్లిపోతే ఆ కుర్చీ తాత్కాలికంగా ఈయనకిచ్చారు. ఆ ఏడాది డిసెంబరు 18న పూర్తిస్థాయి మేనేజర్‌ను చేశారు.

కోచ్‌కూ మేనేజర్‌కూ తేడా ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో కోచ్ ఆట నేర్పుతాడు. మేనేజర్ జట్టును ఎంచుతాడు, ఎవరిని కొనాలో ఎవరిని అమ్మాలో చూస్తాడు, అటు డైరెక్టర్లకూ ఇటు అభిమానులకూ జవాబు చెబుతాడు. జట్టు ఓడితే మొదట పోయేది ఆయన ఉద్యోగం. పరుగు, షాట్, తల అనే మూడు పనులు అక్కడ అక్కరకు రావు. ఇరవయ్యేళ్ల కుర్రాడి మొహం చూసి నువ్వు ఈ శనివారం ఆడటం లేదని చెప్పడం అక్కడ పని. క్లబ్బు ఖజానా ఖాళీ అని తెలిసీ ఆటగాడి కోసం బేరమాడటం అక్కడ పని.

జట్టు లేవలేదు. 1970 నవంబరులో ఆయన కుర్చీ దిగాడు. తర్వాత వచ్చిన జిమ్మీ మెకిల్‌రాయ్ పద్దెనిమిది రోజులే ఉన్నాడు. ఆ తర్వాత జిమ్మీ మెడోస్, ఆయనా ఎక్కువ కాలం నిలవలేదు. మళ్లీ పిలిచింది లాఫ్ట్‌హౌస్‌నే. మునిగే పడవ అని తెలిసీ ఎక్కాడు. 1971లో బోల్టన్ మూడో డివిజన్‌కు జారింది. 1888లో ఇంగ్లిష్ లీగ్‌ను మొదలుపెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటైన బోల్టన్ అంత కిందికి దిగడం అదే మొదటిసారి. అప్పుడు పగ్గాలు ఉన్నది ఆ క్లబ్బు చరిత్రలోకెల్లా గొప్ప ఆటగాడి చేతుల్లో.

ఆయన పేరుకున్న గౌరవంతో వేరే ఊళ్లో ఏదో ఒక కొలువు దొరక్కపోదు. ఇల్లు సర్దుకుని వెళ్లిపోతే తప్పుపట్టేవాళ్లు కూడా లేరు. ఆయన వెళ్లలేదు. క్లబ్బుకు చీఫ్ స్కౌట్ అయ్యాడు. ఊరూరా తిరిగి స్కూలు మైదానాల్లో, చిన్న జట్ల మ్యాచ్‌ల్లో పనికొచ్చే కుర్రాళ్లను వెతకడం ఆ పని. కొత్త మేనేజర్ జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ 1973లో జట్టును మూడో డివిజన్ విజేతగా నిలిపాడు. లాఫ్ట్‌హౌస్ ఆఫీసు పనులు చూసే అడ్మినిస్ట్రేటివ్ మేనేజర్‌గా కూడా చేశాడు. 1978 నుంచి, క్లబ్బుకు డబ్బు పెట్టే వ్యాపారులు వచ్చి కూర్చునే ఎగ్జిక్యూటివ్ క్లబ్ బాధ్యత. వియన్నా సింహం చెయ్యి కలిపి పలకరిస్తే ఊళ్లో ఏ వ్యాపారి కాదంటాడు? ఒకప్పుడు గోల్స్‌తో మైదానం నింపినవాడు, ఇప్పుడు ఆ పలకరింపుతో ఖజానాకు నాలుగు రాళ్లు తెచ్చాడు.

అరవయ్యో ఏట ఇంకోసారి

1985 డిసెంబరులో బోల్టన్‌కు మేనేజర్ లేకుండా పోయాడు. కొత్తవాడు వచ్చేలోగా ఎవరో ఒకరు జట్టును దింపాలి. లాఫ్ట్‌హౌస్‌ను అడిగారు. వయసు అరవై. కాదనలేదు. తర్వాత ఫిల్ నీల్ ఆటగాడూ మేనేజరూ తానే అయి బాధ్యత తీసుకున్నాడు. మరుసటి ఏడాది లాఫ్ట్‌హౌస్‌ను క్లబ్బు ప్రెసిడెంటును చేశారు. 1989లో బోల్టన్ పట్టణం తన అత్యున్నత పౌర గౌరవం ఇచ్చింది. 1994లో బ్రిటిష్ ప్రభుత్వ పురస్కారం ఓ.బి.ఇ. అందుకున్నాడు.

స్టాండు, విగ్రహం

1997లో బోల్టన్ వాండరర్స్ బర్న్‌డెన్ పార్క్‌ను వదిలి ఊరి బయట కట్టిన కొత్త స్టేడియానికి మారింది. అందులో తూర్పు స్టాండుకు లాఫ్ట్‌హౌస్ పేరు పెట్టారు. ఆయన పోయిన రెండేళ్లకు, 2013 ఆగస్టులో, స్టేడియం ముందు ఆయన విగ్రహం నిలిపారు. ఆ స్టేడియంలో ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. టబ్బులు తోసి వచ్చి పరుగెత్తిన నేల, రంపపు పొట్టుతో గీత గీసిన నేల, బకెట్టు పట్టుకుని ఉరికిన నేల పాత ఊళ్లోనే ఉండిపోయింది. దాని మీద ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్ నడుస్తోంది.